ఎన్‌క్లెక్స్ ఆర్‌ఎన్: దరఖాస్తు నుంచి పరీక్ష గది దాకా

"ఎన్‌క్లెక్స్‌కి ఎన్ని నెలలు చదవాలక్కా?" అని జూనియర్లు అడుగుతుంటారు. చదువు సంగతి తర్వాత, ముందు నీ పాస్‌పోర్టులో ఇంటిపేరు ఏ గడిలో ఉందో చూసి చెప్పు అంటాను. వేళాకోళం అనుకుంటారు. కానీ ఈ పరీక్ష దారిలో మన తెలుగువాళ్లు ఎక్కువగా ఆగిపోయేది ప్రశ్నల దగ్గర కాదు, కాగితాల దగ్గర. కాబట్టి ముందు కాగితాలు, తర్వాతే ప్రశ్నలు.

అమెరికాలో రిజిస్టర్డ్ నర్సు (ఆర్‌ఎన్)గా పనిచేయాలంటే ఎన్‌క్లెక్స్ ఆర్‌ఎన్ పాసవ్వాలి. కెనడాలో చాలా ప్రావిన్సులు 2015 నుంచి ఇదే పరీక్షను తీసుకుంటున్నాయి. ఆస్ట్రేలియా కూడా 2020 నుంచి మన దేశంలో చదివిన నర్సులకు మొదటి మెట్టుగా దీన్నే పెట్టింది. రెండో మెట్టు అక్కడికి వెళ్లి, నర్సింగ్ పనులు చేసి చూపించే ఓస్కీ అన్న పరీక్ష. పరీక్షను తయారుచేసేది షికాగోలోని ఎన్‌సీఎస్‌బీఎన్, అంటే నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి. కంప్యూటర్ మీద పెట్టేది పియర్సన్ వ్యూ. అమెరికా లైసెన్సు ఇచ్చేది మాత్రం ఈ ఇద్దరూ కాదు, ఆయా రాష్ట్రాల నర్సింగ్ బోర్డులు. ఎవరి పని ఏమిటో తెలియక పియర్సన్‌కి రాయాల్సిన మెయిల్ బోర్డుకి, బోర్డుకి రాయాల్సింది పియర్సన్‌కి రాసి నెలలు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

ముందు బోర్డు ఎంచుకోవాలి

అమెరికా మొత్తానికి ఒకే దరఖాస్తు ఉండదు. ఒక రాష్ట్రాన్ని ఎంచుకుని, ఆ బోర్డుకి అర్హత కోసం దరఖాస్తు పెట్టాలి. సోషల్ సెక్యూరిటీ నంబర్ లేనిదే కొన్ని రాష్ట్రాలు ముందుకు కదలవు. ఇక్కడ కూర్చుని రాసేవాళ్లకి ఆ నంబరు ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే అది లేకపోయినా దరఖాస్తు తీసుకునే న్యూయార్క్ వైపు చాలామంది మొగ్గుతారు. అక్కడ పాసై, ఉద్యోగం వేరే రాష్ట్రంలో దొరికితే మళ్లీ పరీక్ష రాయకుండానే లైసెన్సును అక్కడికి ఎండార్స్ చేయించుకోవచ్చు. అయితే "మా ఫ్రెండ్ ఆ రాష్ట్రం పెట్టింది, నేనూ అదే పెడతా" అనడం సరికాదు. మీది జీఎన్‌ఎం డిప్లొమానా, బీఎస్సీనా, ఎన్నేళ్ల కిందట పాసయ్యారు, ఇంగ్లిష్ పరీక్ష రాశారా అన్నవాటిని బట్టి బోర్డు మారుతుంది. బోర్డు వెబ్‌సైట్‌లో విదేశాల్లో చదివినవారి పేజీని ఒకసారి కాదు, రెండుసార్లు చదవండి.

చదువు పత్రాల పరిశీలనకు చాలా బోర్డులు ట్రూమెరిట్ నివేదిక అడుగుతాయి. మొన్నమొన్నటి దాకా సీజీఎఫ్‌ఎన్‌ఎస్ అన్న సంస్థే ఇది, పేరు మారింది. ఇక్కడ మనవాళ్లకు వింతగా అనిపించే నిబంధన ఒకటుంది: మీ చేతిలో ఉన్న మార్కుల మెమో ఎంత అసలుదైనా పనికిరాదు. కళాశాల, విశ్వవిద్యాలయం, నర్సింగ్ కౌన్సిల్ తమంతట తామే ముద్ర వేసి నేరుగా పంపాలి. కవరు మీ చేతికొచ్చి, మీరు తెరిచి, మళ్లీ అంటించి పంపితే లెక్కలోకి రాదు.

బీఎస్సీ చదివినవాళ్లు ఏ విశ్వవిద్యాలయం పట్టా ఇచ్చిందో చూసుకోవాలి. తెలంగాణ కళాశాలలు వరంగల్ కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలోకి రాకముందు చదివినవారి పత్రాలు విజయవాడ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం నుంచే కదలాలి. రిజిస్ట్రేషన్ సంగతీ అంతే. రాష్ట్ర విభజనకు ముందు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్‌లో నమోదై, తర్వాత తెలంగాణ కౌన్సిల్‌కి మారినవాళ్లు రెండు చోట్ల నుంచీ ధ్రువీకరణ తెప్పించాల్సి రావచ్చు.

ఇంకొకటి, గంటల లెక్క. పెద్దల మెడికల్ సర్జికల్ నర్సింగ్, ప్రసూతి, పిల్లల నర్సింగ్, మానసిక ఆరోగ్యం: వీటిలో ప్రతిదానికీ తరగతి గంటలు ఎన్ని, వార్డు గంటలు ఎన్ని అని ట్రాన్‌స్క్రిప్టులో విడివిడిగా కనబడాలి. మన కళాశాలల్లో రెండూ కలిపి ఒకే అంకె వేసి ఇచ్చే అలవాటుంది. పంపేముందు ఆఫీసు గుమాస్తా పక్కన కూర్చుని చూసుకోండి. మానసిక ఆరోగ్యం పోస్టింగ్ గంటలు రాయకపోతే, మీరు నిజంగా చేసినా చేయనట్టే లెక్క.

ఇంటిపేరు గొడవ

పదో తరగతి మెమోలో "కె. లక్ష్మీప్రసన్న". ఆధార్‌లో "కొండపల్లి లక్ష్మీ ప్రసన్న". పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, మొత్తం పేరు ఒకే గడిలో. పెళ్లయ్యాక బ్యాంకు పాసుబుక్కులో ఇంకో ఇంటిపేరు. మన ఇళ్లలో ఇది మామూలే, ఎవరికీ తప్పుగా అనిపించదు. పరీక్ష కేంద్రంలో మాత్రం రిజిస్ట్రేషన్‌లోని మొదటి పేరు, చివరి పేరు, పాస్‌పోర్టులో ఉన్నవాటితో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. మన దగ్గర రాసేవాళ్లు పాస్‌పోర్టే చూపించాలి. ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు అక్కడ చెల్లవు.

అందుకే మొట్టమొదట పాస్‌పోర్టు సరిచేసుకోండి. ఇంటిపేరు దాని గడిలో, పేరు దాని గడిలో ఉండాలి. ఆ తర్వాతే బోర్డు దరఖాస్తు, ట్రూమెరిట్ ఖాతా, పియర్సన్ రిజిస్ట్రేషన్, మూడూ అదే స్పెల్లింగ్‌తో తెరవాలి. పాత సర్టిఫికెట్లలో పేరు వేరుగా ఉంటే, రెండు పేర్లూ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్, పెళ్లి ధ్రువపత్రం సిద్ధం చేసుకోండి. సగం దారిలో పేరు మార్చడం అంటే వండిన కూరలో మళ్లీ తాలింపు పెట్టడం లాంటిది. పెట్టొచ్చు, కానీ గిన్నె అంతా కలియబెట్టాలి.

డబ్బు, ఏటీటీ, తేదీ

పియర్సన్ వ్యూలో పరీక్ష రుసుము 200 డాలర్లు. అమెరికా బయట రాస్తే తేదీ తీసుకునేటప్పుడు అదనంగా 150 డాలర్లు, దానిమీద పన్ను. బోర్డు దరఖాస్తు రుసుము, ట్రూమెరిట్ రుసుము వేరు. కట్టిన పరీక్ష రుసుము వెనక్కి రాదు. రిజిస్టర్ చేసుకున్నాక బోర్డు మీ అర్హత తేల్చడానికి 365 రోజుల గడువుంటుంది. అప్పటికీ తేలకపోతే ఆ 200 డాలర్లు పోయినట్టే. ఈ లెక్క తెలిస్తే, చదువు పత్రాలు బోర్డుకి చేరకముందే పియర్సన్‌లో డబ్బు కట్టడానికి తొందరపడరు.

బోర్డు అర్హత ఖాయం చేశాక మెయిల్‌లో ఏటీటీ వస్తుంది, అంటే పరీక్ష రాయడానికి అనుమతి. దాని గడువు బోర్డును బట్టి మారుతుంది, సగటున 90 రోజులు. పొడిగించరు. గడువు దాటితే మళ్లీ మొదటి నుంచి రిజిస్ట్రేషన్, మళ్లీ డబ్బు. కాబట్టి "వచ్చాక చదువుదాంలే" అనుకోకండి. చదువు పూర్తయ్యే వేళకు ఏటీటీ వచ్చేలా చూసుకోండి. వచ్చిన రోజే హైదరాబాద్ కేంద్రంలో తేదీ తీసుకోండి. బెంగళూరు, చెన్నైలోనూ కేంద్రాలున్నాయి, హైదరాబాద్‌లో తేదీలు దొరక్కపోతే అటు చూడండి. తేదీ మార్చుకోవాలంటే కనీసం 24 గంటల ముందే మార్చుకోవాలి.

పరీక్ష మనల్ని ఏం అడుగుతుంది

2023 ఏప్రిల్ 1 నుంచి పరీక్ష స్వరూపం మారింది. కనీసం 85 ప్రశ్నలు, గరిష్ఠంగా 150, సమయం 5 గంటలు. ఒకే రోగి కథ మీద ఆరేసి ప్రశ్నలుండే కేసులు 3 అందరికీ వస్తాయి. ప్రశ్నల్లో 15 లెక్కలోకి రానివి, ముందు ముందు వాడటానికి పరీక్షిస్తున్నవి. ఏవో మనకు తెలియదు, వెతకొద్దు.

కంప్యూటర్ మీ జవాబును బట్టి తర్వాతి ప్రశ్న కష్టాన్ని మార్చుకుంటూ పోతుంది. మీ స్థాయి పాసు గీతకు పైన ఉందా, కింద ఉందా అన్నది 95 శాతం నమ్మకంతో తేలితే ఆపేస్తుంది. 85 దగ్గర ఆగిందంటే పాసే అన్నది మన హాస్టళ్లలో పుట్టిన నమ్మకం. ఫెయిలైనవాళ్లకీ అక్కడే ఆగుతుంది. ప్రశ్నలు కష్టమవుతున్నకొద్దీ కంగారు పడకండి, అది మంచి సూచనే. ఒకసారి జవాబిచ్చాక వెనక్కి వెళ్లలేరు, వదిలేసి ముందుకూ పోలేరు. కాబట్టి పోయిన ప్రశ్న పోయింది. దాన్ని తలుచుకుంటూ తర్వాతి మూడు ప్రశ్నలు పోగొట్టుకోవడమే అసలు నష్టం. 150 దాకా వెళ్లినా ప్రశ్నకు 2 నిమిషాలుంటాయి. కనీసం 85 పూర్తి చేయకుండా సమయం అయిపోతే మాత్రం ఫెయిలే.

మనం నాలుగేళ్లు రాసిన పరీక్షలు వేరు. "న్యుమోనియా నిర్వచనం, కారణాలు, నర్సింగ్ పరిచర్య, 10 మార్కులు" అంటే పేజీలు నింపేశాం. ఇక్కడ నాలుగు ఎంపికలూ సరైనవే అయి ఉండొచ్చు. ముందు ఏది అన్నదే ప్రశ్న.

నలుగురు రోగులు ఉన్నారనుకోండి. సీఓపీడీ (దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉన్నాయనకు ఆక్సిజన్ శాతం 90. షుగరు ఉన్నావిడకు 210. ఎముక విరిగినాయన నొప్పి పదికి 7 అంటున్నాడు. నిన్న థైరాయిడ్ ఆపరేషన్ అయినావిడ ఊపిరి తీస్తుంటే ఈల వేసినట్టు శబ్దం వస్తోంది. ముందు ఎవరి దగ్గరికి? అంకెలు చూసి సీఓపీడీ వైపు పరిగెత్తేవాళ్లు ఎక్కువ. ఆయనకు 90 అనేది ఆయన జబ్బులో ఊహించేదే. ఈల శబ్దం శ్వాసమార్గం మూసుకుపోతోందని చెప్తోంది, ఆవిడ దగ్గరికే వెళ్లాలి. ఊహించేదా, ఊహించనిదా? నిలకడగా ఉన్నారా, దిగజారుతున్నారా? ఎంపికలు చూసేముందు ఈ రెండు ప్రశ్నలు మీరే వేసుకోండి.

రక్తం ఎక్కిస్తుంటే పది నిమిషాలకే చలి, నడుంనొప్పి. మన వార్డులో మొదట నోట వచ్చేది "డాక్టర్‌గారిని పిలవండి". ఎన్‌క్లెక్స్‌లో మొదటి పని రక్తం ఆపేయడం, తర్వాత కొత్త ట్యూబింగుతో సెలైన్ పెట్టి దారి నిలుపుకోవడం, ఆ తర్వాతే కబురు. నర్సు చేతిలో చేయగలిగింది ఏదైనా మిగిలి ఉంటే డాక్టరును పిలవడం చాలాసార్లు తప్పు జవాబు.

మాటల ప్రశ్నలు మరీ ఇరకాటం. "ఏం కాదమ్మా, భయపడకండి, దేవుడున్నాడు" అని రోజుకు వందసార్లు చెప్పే మనకు, అది ఉత్త ఓదార్పుగా తప్పు అవుతుందంటే మనసు ఒప్పుకోదు. "ఏ విషయం మిమ్మల్ని ఎక్కువ బాధిస్తోంది?" అని రోగి నోట మాట రప్పించేదే సరైన జవాబు. కొడుకు వచ్చి "నాన్నకు క్యాన్సర్ అని చెప్పకండి సిస్టర్" అంటే మనం తలూపుతాం. అక్కడ వివరాలు తెలుసుకునే హక్కు తండ్రిదే. ఇంగ్లిష్ రాని రోగికి కూతురు అనువాదం చేస్తానన్నా వద్దని, శిక్షణ పొందిన అనువాదకుణ్ణి పిలవాలి.

ఆర్‌ఎన్ కింద పనిచేసే ఎల్‌పీఎన్ నర్సులు, వాళ్ల కింద సహాయకులు అన్న అంచెలు మనకు లేవు, అందుకే పని అప్పగించే ప్రశ్నల్లో తడబడతాం. మొదటి పరిశీలన, రోగికి నేర్పడం, ఫలితం బేరీజు వేయడం ఆర్‌ఎన్ ఎవరికీ అప్పగించదు. నిలకడగా ఉన్న రోగి బీపీ చూడటం, స్నానం, మంచం మీంచి లేపి నడిపించడం సహాయకులకు ఇవ్వొచ్చు. 2023 ప్రణాళికలో సంరక్షణ నిర్వహణకే 15 నుంచి 21 శాతం, మందులకు 13 నుంచి 19 శాతం కేటాయించారు. ఎక్కువ సమయం ఈ రెంటికే పెట్టండి.

మందుల పేర్లు కూడా మారతాయి. మన పారాసిటమాల్ అక్కడ అసిటమినోఫెన్, సాల్బుటమాల్ అక్కడ ఆల్బ్యుటెరాల్, అడ్రినలిన్ ఎపినెఫ్రిన్, పెథిడిన్ మెపెరిడిన్. బరువు పౌండ్లలో ఇస్తే 2.2తో భాగించాకే మోతాదు లెక్క మొదలుపెట్టాలి. కాగితం ఇవ్వరు, తుడిచి రాసుకునే పలక ఇస్తారు. క్యాలిక్యులేటర్ తెర మీదే ఉంటుంది.

"వర్తించేవన్నీ ఎంచుకోండి" అన్న ప్రశ్నల్లో ఇప్పుడు పాక్షిక మార్కులున్నాయి. సరైనదానికి ఒకటి కలుస్తుంది, తప్పుదానికి ఒకటి పోతుంది, సున్నా కంటే కిందికి దిగదు. అన్నీ టిక్కు పెడితే వచ్చినవి కూడా పోతాయి. "మూడు ఎంచుకోండి" అని సంఖ్య ఇచ్చినచోట మాత్రం కోత లేదు, మూడూ పెట్టే తీరండి. ఈ రకాలన్నీ చేత్తో నొక్కి చూసుకోవడానికి ఎన్‌సీఎస్‌బీఎన్ ఉచిత నమూనా ప్రశ్నలు పెట్టింది. కోచింగ్‌కి డబ్బు కట్టేముందు వాటిని చేయండి.

ఆ రోజు, ఆ తర్వాత

అరగంట ముందే వెళ్లండి. అరచేయి స్కాన్ చేసి, ఫొటో, సంతకం తీసుకుంటారు. ఫోన్, స్మార్ట్ వాచీ సీలు చేసే సంచిలోకి పోతాయి. రెండు గంటలయ్యాక ఒకసారి, మూడున్నర గంటలయ్యాక మరోసారి విరామం తీసుకుంటారా అని తెర అడుగుతుంది. విరామంలోనూ గడియారం తిరుగుతూనే ఉంటుంది, అయినా మొదటిది తీసుకోండి. నీళ్లు తాగి, మొహం కడుక్కుని వస్తే తర్వాతి కేసు వేరేగా కనిపిస్తుంది.

ఫలితం బోర్డు నుంచే వస్తుంది, ఆరు వారాల దాకా పట్టొచ్చు. పాసైతే అమెరికా ఉద్యోగ వీసాకు వీసాస్క్రీన్ (విదేశీ నర్సుల చదువు, లైసెన్సు సరిచూసి ఇచ్చేది) ధ్రువపత్రం, ఇంగ్లిష్ స్కోరు కావాలి. భారత్‌లో పుట్టినవారికి ఈబీ-3 (నర్సులు వచ్చే ఉద్యోగ కోటా) గ్రీన్‌కార్డు వరుస ఏళ్ల తరబడి సాగుతోంది. ఆ నిరీక్షణ ఇష్టంలేక ఇదే ఎన్‌క్లెక్స్ పాసుతో ఆస్ట్రేలియా దారి పట్టినవాళ్లు ఎందరో.

ఫెయిలైతే ఒక నివేదిక ఇస్తారు. ఏ విభాగంలో గీతకు పైన, ఏది దగ్గర, ఏది కింద అని ఉంటుంది. కింద ఉన్నవే చదవండి, పుస్తకం మొదటి పేజీ నుంచి మళ్లీ మొదలుపెట్టకండి. మళ్లీ రాయడానికి కనీసం 45 రోజులు ఆగాలి. కొత్త రిజిస్ట్రేషన్, కొత్త ఏటీటీ, మళ్లీ 200, మళ్లీ 150. ఇంటిపేరు పని మాత్రం ఈసారి ఉండదు.