పాత విండోస్ పక్కన లినక్స్: డిస్కు పంపకాలు ఎలా చేయాలి?

ఆంధ్ర సరిహద్దులో ఉన్న మా ఒడిశా ఊరు పర్లాకిమిడిలో డీటీపీ దుకాణం నడపాలంటే ఒక చేత్తో తెలుగు శుభలేఖ, మరో చేత్తో ఒడియా శుభలేఖ తయారు చేయాలి. మా దుకాణంలోని కంప్యూటర్‌లో టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్ లేదు కాబట్టి విండోస్ 11 ఎక్కదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అందుకే విండోస్‌కు బదులుగా వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ వైపు వచ్చాను. అలాగని విండోస్‌ను తీసేయలేదు. పేజ్‌మేకర్, అను ఫాంట్లతో చేసిన పాత పని అంతా అందులోనే ఉంది. దాన్ని ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచి, పాత ఫైళ్లు తెరవడానికే వాడుతున్నాను.

1. ముందు ఫైళ్లన్నీ బయటి డిస్కులోకి కాపీ చేయండి. అందులో రెండు మూడు తెరిచి చూడండి. ఇది కాకుండా తర్వాతి అడుగు వేయకండి.

2. పంపకాలు కాగితం మీద రాసుకోండి. 256 జీబీ అని అమ్మే ఎస్‌ఎస్‌డీ విండోస్‌లో 238 జీబీగా కనిపిస్తుంది. తయారీదారు వెయ్యి లెక్కన, విండోస్ 1024 లెక్కన కొలుస్తాయి. మీ డబ్బేమీ పోలేదు. నా లెక్క: విండోస్‌కు 100 జీబీ, లినక్స్ సిస్టమ్ ఉండే రూట్‌కు 40, మన సొంత ఫైళ్లుండే హోమ్‌కు 50, మిగిలినది విండోస్, లినక్స్ రెండింటికీ ఉమ్మడి. ర్యామ్ చాలనప్పుడు వాడుకునే స్వాప్‌కు వేరే భాగం ఇవ్వలేదు, రూట్‌లో స్వాప్ ఫైలు చాలు. హోమ్ మాత్రం తప్పకుండా వేరుగా పెట్టండి. రేపు లినక్స్‌ను మళ్లీ ఎక్కించాల్సి వస్తే రూట్‌ను మాత్రమే ఫార్మాట్ చేస్తారు, ఫాంట్లూ ఫైళ్లూ అలాగే ఉంటాయి.

3. ఫైల్ సిస్టమ్ (డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతి) విషయంలో ప్రయోగాలు వద్దు. రూట్‌కూ హోమ్‌కూ ఈఎక్స్‌టీ4 పెట్టండి. మరో పద్ధతి బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో స్నాప్‌షాట్ల (వెనక్కి వెళ్లడానికి దాచుకునే పాత స్థితుల) సౌకర్యం బాగుంటుంది, కానీ కొత్తవారికి అదనపు చదువు. ఇంకో పద్ధతి ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ను తర్వాత కుదించలేం. ఈఎక్స్‌టీ4 చేయబోయే మార్పులను ముందే ఒక చిట్టాలో (జర్నల్) రాసుకుంటుంది కాబట్టి హఠాత్తుగా కరెంటు పోయినా ఫైల్ సిస్టమ్ సాధారణంగా చెక్కుచెదరదు. సేవ్ చేయని శుభలేఖను మాత్రం ఏ జర్నలూ తిరిగి ఇవ్వదు. ఉమ్మడి భాగానికి విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ మేలు. ఫ్యాట్32లో 4 జీబీకి మించిన ఫైలు పట్టదు.

4. విండోస్‌లోనే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి సి డ్రైవ్‌ను కుదించండి. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే ముందే దాని రికవరీ కీ రాసి పెట్టుకోండి. పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపేయండి. ఇది నేను మరిచిపోయాను. ముహూర్తాల రోజుల్లో పాతపట్నం నుంచి వచ్చిన కుటుంబం కౌంటరు దగ్గర నిలబడి ఉంది. ఉమ్మడి భాగంలో కార్డు తెరుచుకుంది, మార్పు మాత్రం సేవ్ కాలేదు. విండోస్ పూర్తిగా మూతపడకుండా సగం నిద్రలో ఉండటంతో లినక్స్ ఆ భాగాన్ని చదవడానికే తెరిచింది.

5. ఇన్‌స్టాలర్‌లో డిస్కు మొత్తం చెరిపేసే ఎంపిక జోలికి వెళ్లకండి. చేతితో భాగాలు ఎంచుకునే దారి పట్టండి. కంప్యూటర్ మొదలవడానికి కావలసిన ఫైళ్లుండే, ఇప్పటికే ఉన్న ఈఎఫ్‌ఐ భాగాన్నే వాడండి, దాన్ని ఫార్మాట్ చేయవద్దు. విండోస్ బూటింగ్ ఫైళ్లు అందులోనే ఉంటాయి. ఖాళీ చోటులో రూట్, హోమ్, ఉమ్మడి భాగాలు సృష్టించండి.

6. ఇక ఫైళ్లు వెనక్కి తెచ్చుకోండి. ఇక్కడ తెలుగువారికీ ఒడియావారికీ ఒక చిక్కు ఉంది. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫైలు పేరుకు హద్దు 255 కోడ్ యూనిట్లు (అక్షరాలను కంప్యూటర్ లెక్కించే కొలత). మన లిపుల్లో ఒక్కో గుర్తుకు ఒకటే ఖర్చవుతుంది. ఈఎక్స్‌టీ4లో హద్దు 255 బైట్లు, ఒక్కో గుర్తుకు మూడు. 'శ్రీ' చూడటానికి ఒక్క అక్షరమే. అందులో శ, పొల్లు, ర, గుడి దీర్ఘం కలిపి నాలుగు గుర్తులు, అంటే 12 బైట్లు. వధూవరుల పేర్లు, ఇంటిపేర్లు, ఊళ్లు అన్నీ కలిపి పెట్టిన పొడవాటి ఫైలు పేరు విండోస్‌లో సాఫీగా నడిచి, హోమ్‌లోకి కాపీ చేయగానే ఆగిపోతుంది. అలాంటి వాటి పేర్లు కాపీకి ముందే కుదించుకోండి. నేను ఇప్పుడు ఇంటిపేరు, పెళ్లి తేదీ మాత్రమే పెడుతున్నాను.