వానాకాలం సైకిల్ యాత్రకు సంచులు కొనే ముందు

మూడేళ్ల కిందట జులైలో విశాఖ నుంచి అరకు సైకిల్ మీద బయల్దేరాను. శృంగవరపుకోట దాటి ఘాట్ మొదలయ్యేసరికి చినుకులు, అనంతగిరి చేరేసరికి కుండపోత. నాకేం టెన్షన్ లేదు. వెనక వేలాడుతున్న రెండు సంచుల మీదా 'వాటర్‌ప్రూఫ్' అని పెద్దక్షరాలతో రాసుంది మరి. రాత్రి బసలో తెరిచి చూస్తే పైనున్న చొక్కాలు పొడిగానే ఉన్నాయి. అడుగున మాత్రం రెండు గ్లాసుల నీళ్లు, వాటిలో నానుతున్న స్లీపింగ్ బ్యాగ్, పవర్ బ్యాంక్. గుడ్డలోంచి ఒక్క చుక్క రాలేదు. అంతా కుట్లలోంచి వచ్చింది. వచ్చిన నీళ్లకు బయటికి పోయే దారి లేక అక్కడే నిలిచిపోయాయి, గుడ్డ నిజంగానే వాటర్‌ప్రూఫ్ కాబట్టి!

అప్పటినుంచి సంచి కొనేటప్పుడు గుడ్డ సంగతి చివర్లో అడుగుతున్నాను. ముందు చూసేది కుట్టు, మూతి, క్యారియర్‌కు తగిలించే కొక్కెం. ఈ పని మేలోనే చేసుకోవడం మంచిది. తెలంగాణలో తిరిగేవాళ్లకు గండం ప్రధానంగా జూన్ నుంచి సెప్టెంబరు దాకానే. నెల్లూరు, ప్రకాశం వైపు తిరిగేవాళ్లకు అసలు వానలు అక్టోబరు తర్వాత ఈశాన్య రుతుపవనాలతో మొదలవుతాయి, పైగా తుపాన్లు. వాళ్లకు డిసెంబరు దాకా సంచితో పనే.

కుట్టు చూడండి

సూది దిగిన ప్రతిచోటా ఒక రంధ్రం ఉంటుంది. కుట్టు పొడవునా అలాంటివి వందలు. మంచి కంపెనీలు ఆ కుట్టు మీద లోపలివైపు టేపు అతికిస్తాయి. సంచిని తిరగేసి చూస్తే కుట్టు వెంబడి సన్నటి పట్టీలా మెరుస్తూ కనిపిస్తుంది. అది కొంత నయం, కానీ రెండు వేసవులు గడిచేసరికి మూలల్లో లేవడం మొదలవుతుంది. అసలు కుట్టే లేకుండా, వేడితో రెండు పొరలనూ కరిగించి అతికించిన సంచులు వీటన్నిటికంటే మేలు. వాటి అంచు పట్టుకుని చూస్తే దారం కనబడదు, నున్నటి గట్టి పట్టీ మాత్రం తగులుతుంది.

ఈ రకం సంచులకు పేరు తెచ్చిన హార్ట్‌ముట్ ఓర్ట్‌లీబ్ జర్మనీవాడు. ఇంగ్లండ్‌లో సైకిల్ మీద తిరుగుతూ వానకు సామానంతా తడిపేసుకుని, పక్కనుంచి పోతున్న లారీ మీది పట్టా చూశాడట. లోపలి సరుకు తడవట్లేదు కదా, అదే గుడ్డతో సంచి ఎందుకు చేయకూడదు అనుకున్నాడు. 1982లో కంపెనీ పెట్టాడు. మొదట్లో ఆయనా కుట్టినవాడే, తర్వాతే అతికించడానికి మారాడు.

లారీ పట్టా అంటే మనకు కొత్తా? తెలంగాణలో తాటిపత్రి అంటారు, వడ్ల కుప్ప మీద కప్పేది. ఎన్నికలైపోయాక నాయకుల బొమ్మలతో సహా ఇళ్ల కప్పుల మీదికి చేరే ఫ్లెక్స్ కూడా దాదాపు ఆ జాతిదే, పాలిస్టర్ అల్లిక మీద పీవీసీ అనే ప్లాస్టిక్ పూత. పలచన, అంతే తేడా. డబ్బుల్లేని రోజుల్లో నేనూ ఫ్లెక్స్‌తో సంచి కుట్టించాను. గుడ్డ బాగానే ఆగింది, కుట్లు కారాయి. మీరూ ఆ ప్రయత్నం చేస్తే సీటు కవర్లు కుట్టేవాళ్ల దగ్గరికి కాకుండా, ఫ్లెక్స్ ముక్కలను వేడిగాలితో అతికించే షాపు ఏదైనా ఉంటే అక్కడికి వెళ్లండి.

గుడ్డ సంగతి కూడా చెప్పేస్తాను. పీవీసీ బరువు, మొండి, రాపిడికి తట్టుకుంటుంది. నైలాన్ మీద టీపీయూ అనే సాగే ప్లాస్టిక్ పూత వేసినవి తేలిక, ధర ఎక్కువ. చవక సంచుల్లో ఎక్కువగా ఉండే పీయూ (పాలీయూరేథేన్) పూతతోనే జాగ్రత్త. వేడి, తేమ రెండూ కలిస్తే అది మెల్లగా విచ్ఛిన్నమవుతుంది. ముందు వేలికి జిగటగా అంటుకుంటుంది, తర్వాత పొట్టులా రాలుతుంది. మన కోస్తా ఉక్కపోత దానికి ఎంత హానో వేరే చెప్పాలా? పాత సంచి బీరువాలోంచి తీసినప్పుడు లోపల జిగురు తగిలితే, పోనీలే ఈ ఒక్క ట్రిప్పుకి అనుకోకండి.

మూతి చుట్టేది కావాలి

జిప్పు ఉన్న సంచిని వానాకాలానికి నేను కొనను. వాటర్‌ప్రూఫ్ జిప్ అని చెప్పేవాటిలో చాలావరకు జల్లును ఆపుతాయి, గంటల తరబడి వానను కాదు. పట్టీ చివర, లాగే బిళ్ల ఆగేచోట నీళ్లు దూరుతాయి. ఎర్రమట్టి బురద పళ్లలో పడితే జిప్పు కదలదు, బలంగా లాగితే ఊడి చేతికొస్తుంది. మూతిని చాపలా చుట్టి రెండు వైపులా క్లిప్పు పెట్టే సంచి తీసుకోండి. కనీసం మూడు చుట్లు తిరగాలి. సామాను కుక్కేసి ఒక్క చుట్టుకే క్లిప్పు పెడితే అది మూసినట్టే కాదు. అందుకే మీ సామానుకు 15 లీటర్లు సరిపోతాయని లెక్క తేలినా 20 లీటర్ల సంచి కొనండి, మిగిలిన ఎత్తంతా చుట్టడానికే పోతుంది.

లేబుల్ మీద ఐపీ అంకె, అంటే నీళ్లను ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తు, ఉంటే చదవండి. ఐపీఎక్స్4 అంటే ఏవైపు నుంచి చిమ్మినా తట్టుకుంటుందని, ఐపీఎక్స్6 అంటే బలమైన నీటి ధారను కూడా తట్టుకుంటుందని, ఐపీఎక్స్7 అంటే మీటరు లోతులో అరగంట మునిగినా ఫర్వాలేదని. రోడ్డు మీద వానకు మొదటిది కూడా చాలు. కానీ ఆ పరీక్షలు కొత్త వస్తువు మీద జరుగుతాయి. మీ సంచి గతుకుల్లో ఊగుతూ, క్యారియర్‌కు రాసుకుంటూ వెళ్తుంది.

విడిగా తొడిగే రెయిన్ కవర్ల గురించి ఒక్క మాట. వద్దు. వాన పైనుంచే రాదు, వెనక చక్రం కింది నుంచి బురదనీళ్లు సంచి అడుగుకు, లోపలి పక్కకు ఆగకుండా కొడుతుంది. కవరు అక్కడ కప్పదు. పైగా ఆ నీళ్లు కవరులోనే తొట్టిలా నిలుస్తాయి. ఎదురుగాలికి కవరు లేచి చక్రం పుల్లల్లో చుట్టుకుంటే దిగుడులో ఏమవుతుందో ఊహించుకోండి. ఆ డబ్బుతో పొడుగాటి మడ్‌గార్డు వేయించండి.

క్యారియర్ తో కుదురుతుందా?

సంచి ఎంత మంచిదైనా కొక్కెం వదులైతే మొదటి గోతిలోనే ఎగిరిపడుతుంది. క్యారియర్ కడ్డీలు అన్నీ ఒక మందం కావు. 8, 10, 12, 16 మిల్లీమీటర్లు ఇలా ఉంటాయి. మంచి కొక్కేలతో పాటు లోపల పెట్టుకునే చిన్న ప్లాస్టిక్ ముక్కలు ఇస్తారు, సన్న కడ్డీ అయితే అవి తప్పకుండా వేయాలి. వేయకపోతే టకటకమని చప్పుడు, ఆ రాపిడికి కొక్కెం దగ్గర సంచికి చిల్లు. కింద ఇంకో కొక్కెం కూడా ఉండాలి, లేకపోతే సంచి అడుగు చక్రం వైపు ఊగుతుంది.

సీటు గొట్టానికి బిగించే తేలిక క్యారియర్లు ఆన్‌లైన్‌లో బోలెడు. 50 కిలోలు మోస్తుందని రాస్తారు. బరువు పడితే పక్కకు తిరుగుతాయి, సంచి వెళ్లి పుల్లలకు తగులుతుంది. ఫ్రేముకు బోల్టులతో బిగించేదే పెట్టించుకోండి. మామూలుగా వాటి పరిమితి 25 కిలోలు, మీరు 12, 13 దాటకపోతే మంచిది. సంచి తగిలించాక సీటెక్కి పెడలు తొక్కి చూడండి. మడమ సంచికి తగులుతుంటే వెనక్కి జరపాలి. జరపడానికి కుదరకపోతే ఆ సంచి మీ సైకిలుకు కాదు.

పైన ఇంకేదైనా కట్టాలంటే ఇనుప కొక్కేల సాగే తాళ్లు వాడకండి. జారితే ఆ కొక్కెం నేరుగా పుల్లల్లోకే పోతుంది. పాత ట్యూబు కోసి కట్టుకోవడం మన పాలవాళ్లకూ పేపరు కుర్రాళ్లకూ తెలిసిన పని. పట్టు గట్టిది, ఖర్చు లేదు. కొసలు మాత్రం లోపలికి దోపేయండి.

ఇంట్లో ఒక పరీక్ష

బయల్దేరడానికి వారం ముందు సంచిలో దినపత్రిక కాగితాలు పరిచి, మూతి చుట్టి, క్యారియర్‌కు తగిలించి, పైపుతో పావుగంట నీళ్లు కొట్టండి. కింది నుంచి, చక్రం వైపు నుంచి ఎక్కువసేపు కొట్టాలి. తీసి చూస్తే ఏ కాగితం ఎక్కడ తడిసిందో తెలిసిపోతుంది. చిల్లు సన్నగా ఉంటే లోపల గాలి ఉంచి మూతి చుట్టేసి, పైన సబ్బునీళ్లు రాసి నొక్కండి, పంక్చర్ షాపులో చేసినట్టే. బుడగ వచ్చినచోట గుర్తు పెట్టండి. అతికించడానికి ట్యూబు ప్యాచీ, దాని సొల్యూషన్ పనికిరావు, అవి రబ్బరు కోసం. పీవీసీ సంచికి పీవీసీ ముక్క, పీవీసీ గమ్ము కావాలి. దారిలో అయితే తుడిచి పొడిగా చేసి గట్టి టేపు వేసుకోండి. అది ఇల్లు చేరేదాకా ఆగుతుంది.

సర్దేటప్పుడు అన్నీ ఒకే నమ్మకం మీద పెట్టకండి. మందు బిళ్లలు, నోట్లు, ఆధార్, చార్జర్ విడిగా జిప్‌లాక్ కవర్లలో ఉండాలి, స్లీపింగ్ బ్యాగ్ మందపాటి చెత్త కవర్‌లో. వానలోనే మూతి తెరవాల్సి వస్తుంది కదా, అప్పుడు పైనుంచి పడే నీళ్లను ఏ కంపెనీ ఆపలేదు. అందుకే ఒక సంచి పొడివాటికి, ఒకటి తడివాటికి. తడి లుంగీ, సాక్సులు పొడి బట్టలతో కలిపితే ఆ తేమ లోపలే ఉండి తెల్లారేసరికి అన్నీ చెమ్మగా తయారవుతాయి. బరువైనవి అడుగున, రెండు పక్కలా సమానంగా. వేరుశనగ చిక్కీ, పుట్నాలు ఉన్న సంచిని రాత్రి లాడ్జి గదిలో నేల మీద పెట్టకండి. నా సంచికి పడిన మొదటి చిల్లు ఎలుక పెట్టిందే. ఇంటికొచ్చాక కడిగి, నీడలో మూతి తెరిచి వేలాడదీయండి.

ఇక అన్నిటికంటే పెద్ద జాగ్రత్త. వాగు పొంగి చప్టా మీదుగా పారుతుంటే, సామాను తడవదులే అన్న ధైర్యంతో సైకిల్ దింపకండి. 20 లీటర్ల సంచులు రెండు మునిగితే నీళ్లు 40 కిలోల దాకా పైకి నెడతాయి. అందులో మీ సామాను 12 కిలోలే. సగం మునిగినా సంచులు తేలబోయి వెనక చక్రం పట్టు తప్పుతుంది, ప్రవాహం పక్కనుంచి తోస్తుంది, హ్యాండిల్ పట్టుకున్న మనిషి కూడా దాంతోపాటే పోతాడు. ఇవతలి ఒడ్డున టీ కొట్టు ఉంటే వెళ్లి, సంచిలోంచి పొడి లుంగీ తీసి కట్టుకుని కూర్చోండి. అంత ఖర్చు పెట్టింది దానికేగా.