పాత ఫిషింగ్ రీలు మొరాయిస్తుందా? ముందు జబ్బేందో పట్టుకోండి, తర్వాత స్క్రూడ్రైవర్ పట్టుకోవచ్చు

పాత రీలు, అదే గాలం కర్రకి బిగించి దారం చుట్టే మిషను, చేతికి రాగానే ఎవరైనా చేసే మొదటి పని హ్యాండిల్ పట్టుకొని గిరగిరా తిప్పి చూడటం. నేనూ అట్టానే చేసేవాడ్ని. ముందు ఆ అలవాటు మానుకోండి. ముప్పై నలభై ఏళ్లు అటక మీద పడున్న రీల్లో ఇసకుంటది, ఎండిపోయిన గ్రీజుంటది, గేరు పళ్ల మధ్య ఉప్పు గడ్డకట్టి ఉంటది, మీరు బలంగా తిప్పారంటే అప్పటిదాకా బాగున్న పన్ను కూడా అరిగిపోతది.

మాది నెల్లూరు. మద్రాసులో మూర్ మార్కెట్ దగ్గర పాత సామాన్లోళ్లని పీక్కుతింటా, మైపాడు, కృష్ణపట్నం, అటు పాకల, కొత్తపట్నం దాకా ఎవరింట్లో అయినా ఓడ మీద పనిచేసినాయన తెచ్చిన రీలుందంటే బండేసుకొని పోతా. ఇన్నేళ్లలో నాకు తెలిసొచ్చిందేందంటే, ఈ రీళ్లని సముద్రం పాడుచేసిందాని కన్నా, బాగుచేద్దామని కూర్చున్నోడు పాడుచేసిందే ఎక్కువ. ఆ కూర్చున్నోళ్లలో నేనూ ఉన్నా, కింద చెప్తా.

సామాన్లు పెద్దగా ఏం అక్కర్లేదు. కుట్టుమిషన్ నూనె, కాస్త మంచి గ్రీజు, కిరసనాయిలు దొరక్కపోతే టర్పెంటైన్, పాత టూత్ బ్రష్షు, చెవిలో పెట్టుకునే దూది పుల్లలు, ఒక ఫోను. ఫోనెందుకంటే విప్పే ప్రతి ముక్కకీ ఫొటో తియ్యాల. విప్పినవి విప్పినట్టు వరసలో పెట్టుకోడానికి గుంత పొంగణాల పెనం అంత మంచి వస్తువు ఇంకోటి లేదు. ఇడ్లీ ప్లేటు వద్దు, దాని బొక్కల్లోంచి చిన్న స్క్రూలు జారిపోతాయి, ఒకసారి స్క్రూ కోసం ఇల్లంతా చీపురేసి ఊడ్చా.

హ్యాండిల్ అసలు కదలట్లేదు

దీనికి మూడు కారణాలు, మూడూ వేరేవేరేగా తెలుస్తాయి. మెల్లగా వేలితో తోసి చూడండి. కొంచెం సాగినట్టు కదిలి మళ్లీ వెనక్కొస్తుందంటే అది ఎండిన నూనె. మనిళ్లల్లో తాళానికి కొబ్బరి నూనె, తలుపు బందులకి కొబ్బరి నూనె, రీలుకి కూడా అదే. అది కొన్నేళ్లకి దుమ్ముతో కలిసి బంక అయిపోయి పట్టేసుద్ది. లోపలి ఇనప, ఇత్తడి ముక్కలు మాత్రం విడదీసి ఒక రాత్రి కిరసనాయిల్లో వేస్తే పొద్దునకి బ్రష్షుతో ఊడొస్తది. బేకలైట్ (పాతకాలం గట్టి ప్లాస్టిక్) పక్క ప్లేట్లని మాత్రం నానబెట్టొద్దు, గుడ్డతో తుడవండి చాలు.

వేలితో తోస్తే రాయిని తోసినట్టుంటే, అంచుల్లో పచ్చటి పొడి కనిపిస్తుంటే అది చిలుము. ఇత్తడి ముక్కని తెల్ల వెనిగర్లో పది నిమిషాలు ఉంచి తీసి చూసి, కావాలంటే మళ్లీ పెట్టి, తర్వాత సబ్బు నీళ్లతో కడిగి బాగా ఆరబెట్టాల. రాత్రంతా వదిలేసి పడుకుంటే ఇత్తడిలో ఉన్న జింకు కరిగిపోయి రాగి మాత్రం మిగిలి ముక్క గులాబి రంగుకి తిరుగుద్ది, చూడ్డానికి కొత్తగా బాగుంటది గానీ ఆ పన్ను బలం పోయినట్టే. జింకు పోతపోసిన ముక్కలైతే వెనిగర్ వాసన కూడా చూపించొద్దు.

మూడో కారణం అసలు జబ్బే కాదు. హ్యాండిల్ని వెనక్కి తిప్పుతా "జామ్ అయిపోయిందన్నా" అని ఫోన్ చేసేవాళ్లుంటారు. అది యాంటీ రివర్స్ అబ్బాయ్, వెనక్కి తిరక్కూడదు దాని పని అదే. ముందుకు తిప్పు. ఇంకోటి, పాత మల్టిప్లయర్ రీళ్లు (హ్యాండిల్ ఒక చుట్టు తిప్పితే దారం చుట్టుకునే చక్రం, అదే స్పూలు, చాలా చుట్లు తిరిగేవి) ఎక్కువ కుడిచేతి హ్యాండిలే, ఫ్రాన్సులో చేసిన మిచెల్ 300 చూస్తే ఎడమచేతి హ్యాండిల్, అది తప్పు బిగించింది కాదు, దాని పుట్టుకే అంత.

స్క్రూ రావట్లేదు

ఇక్కడే ఎక్కువ రీళ్లు చస్తాయి. పాత స్క్రూలన్నీ ఒక్క గీత ఉండేవి, మెత్తటి లోహం, మనం ఇంట్లో స్విచ్ బోర్డుకి వాడే స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే గీత చెదిరిపోద్ది, ఇంక అది ఎవడికీ రాదు. డ్రైవర్ మొన ఆ గీతలో నిండుగా కూర్చోవాల, అటూ ఇటూ ఊగకూడదు, కూర్చోకపోతే ఆకురాయితో డ్రైవర్నే అరగదీసుకోండి, యాభై రూపాయల డ్రైవర్ పోతే పోయింది.

డ్రైవర్ సరిపోయినా రాకపోతే డబ్ల్యూడీ 40 లాంటి, బిగుసుకున్నదాన్ని వదిలించే నూనె ఒక చుక్క వేసి రెండ్రోజులు మర్చిపోండి. తర్వాత సోల్డరింగ్ ఐరన్ మొన స్క్రూ తల మీద ఒక నిమిషం ఆనించి, చల్లారాక ముందు ఒక వెంట్రుక వాసి బిగించే వైపు తిప్పి, అప్పుడు వదులు చేసే వైపు తిప్పండి. లైటర్ మంట మాత్రం వద్దు. బేకలైట్ కరగదు, నిజమే, కానీ నల్లగా మాడుద్ది, పగులుద్ది. స్క్రూ కాక హ్యాండిల్ నట్టో, రోటర్ (స్పిన్నింగ్ రీల్లో ఆగి ఉన్న స్పూలు చుట్టూ తిరిగే భాగం) నట్టో రాకపోతే ఎదురు థ్రెడ్డేమో, అంటే మామూలుగా బిగించే వైపు తిప్పితే వదులయ్యేదేమో కూడా చూసుకోండి.

అల్యూమినియం బాడీలో స్టీలు స్క్రూ ఉండి చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తే అది వేరే కథ. ఉప్పునీళ్లు తగిలిన చోట రెండు రకాల లోహాలు ఆనుకొని ఉంటే చిన్న బ్యాటరీ లాగా పనిచేసి అల్యూమినియాన్ని తినేస్తది, ఆ పొడే స్క్రూని పట్టేసుకుంటది. దానికి నూనె, వేడి మార్చిమార్చి వారం పట్టినా ఓపిక పట్టాల. నేను ఒకదానికి ఓపిక పట్టలేక సుత్తితో చిన్న దెబ్బేశా. చిన్న దెబ్బే. పక్క ప్లేటు స్క్రూ బొక్క కాడ్నుంచి అంచు దాకా చీలింది. ఇప్పుడు గీత చెదిరిందంటే ఇంట్లో ప్రయోగాలు చెయ్యను, ఆటోనగర్లో లేత్ ఆయన దగ్గరికి తీసుకుపోతా, ఆయన తల మధ్యలో సన్నగా డ్రిల్ వేసి తీసిస్తాడు.

తీసిన స్క్రూలు ఏ బొక్కవి ఆ బొక్కకే పోవాల. అన్నీ ఒకే పొడుగు ఉండవు, పొడుగుది పొట్టిదాని బొక్కలో బిగిస్తే లోపల స్పూలు అంచుని గీరుతా ఉంటది, మీరు గేరు పోయిందని గేరు కొనుక్కుంటారు.

చేప లాగితే దారం కుదుపులు కుదుపులుగా పోతుంది, లేదా అసలు పోవట్లేదు

ఇది డ్రాగ్ సమస్య, డ్రాగ్ అంటే చేప గట్టిగా లాగినప్పుడు దారం తెగకుండా కొద్దికొద్దిగా వదిలే బ్రేకు. మన బకింగ్‌హాం కాలవలో పండుగప్ప పడితే తెలుస్తది డ్రాగ్ విలువ, మొదటి పరుగుకే దారం తెంపుకొని పోతది.

స్టార్ డ్రాగ్ (హ్యాండిల్ కింద నక్షత్రం లాంటి చక్రం తిప్పి బిగించేది) ఉన్న రీల్లో పెద్ద గేరు కడుపులో వాషర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. మెత్తటి వాషరు, లోహపు వాషరు, మళ్లీ మెత్తటిది, మళ్లీ లోహం. లోహపు వాటిలో రెండు రకాలు, కొన్నింటికి లోపలి బొక్క గుండ్రంగా కాకుండా మధ్య గొట్టాన్ని పట్టుకునేటట్టు ఉంటది, కొన్నింటికి బయట చెవులుండి గేరుని పట్టుకుంటాయి. ఒకటి గొట్టంతో, ఒకటి గేరుతో తిరగాల, అప్పుడే మధ్యలో రాపిడి. ఎవరో విప్పి చెవులవి రెండూ ఒకచోట, బొక్కవి రెండూ ఒకచోట పెట్టేస్తే ఎంత బిగించినా జారతానే ఉంటది. డ్రాగ్ జారుతుందంటే నేను ముందు చూసేది అరుగుదల కాదు, వరస.

కుదుపులొస్తుంటే మెత్తటి వాషర్లు అద్దంలాగా మెరుస్తున్నాయేమో చూడండి. మరీ పాతవాటిలో తోలు ఉంటది, ఎండి బిర్రుగా అయ్యుంటే కొద్దిగా నూనె పట్టిస్తే మెత్తబడుద్ది. గోధుమ రంగులో బండి బ్రేక్ లైనింగ్ లాగా ఉన్నవాటిని మాత్రం పొడిగా సాండ్‌పేపర్ వేసి రుద్దొద్దు, ఆ కాలం వాటిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు. తడిగుడ్డతో తీసి కవర్లో కట్టేసి కొత్తవి వేసుకోండి. పెన్ అనే అమెరికా రీళ్ల కంపెనీ వాళ్లు తర్వాత తెచ్చిన హెచ్‌టీ 100 అనే కార్బన్ వాషర్లు సైజు కుదిరితే వాళ్ల పాత మోడళ్లకి కూడా బాగా పనికొస్తాయి. పాతవి మాత్రం పారెయ్యకుండా పేరు రాసి దాచండి, రేపు ఎవరైనా కలెక్షన్ కోసం అడిగితే ఒరిజినల్ అంటే అవే.

అసలు పోకుండా పట్టేసిందంటే ఏళ్ల తరబడి డ్రాగ్ బిగించి వదిలేశారన్న మాట, వాషర్లు అతుక్కుపోయుంటాయి. విడదీసి శుభ్రం చేస్తే చాలు. ఇంటికి రాగానే స్టార్ వదులు చేసే అలవాటు ఉంటే ఈ జబ్బే రాదు. బిగించాక స్ప్రింగు త్రాసు కొక్కేనికి దారం కట్టి లాగి చూడండి, 10 కిలోల దారానికి 2.5 నుంచి 3 కిలోల మధ్య జారడం మొదలవ్వాల.

ఖాళీగా తిరుగుద్ది, దారం చుట్టాక పట్టేసుద్ది

దీని మీద నేను రెండు నెలలు కొట్టుకున్నా. బేరింగులు మార్చా, గేరు మార్చా. కారణం చూస్తే స్పూలు. నైలాన్ దారం ఫిషింగుకి వచ్చిందే 1939లో, దానికి ముందు నార, పట్టు లాంటి దారాలే. నైలాన్ సాగుద్ది, సాగినదాన్ని బిగువుగా చుట్టుకుంటా పోతే ప్రతి చుట్టూ మళ్లీ కుంచించుకోవాలని చూస్తది, వందల చుట్లు కలిసి స్పూలు అంచుల్ని బయటికి తోస్తాయి. ప్లాస్టిక్, బేకలైట్ స్పూళ్లు దానికి తట్టుకోలేక వెడల్పై పక్క ప్లేటుకి రాసుకుంటాయి, కొన్ని పగుల్తాయి కూడా. దారం సగం తీసేసి మళ్లీ తిప్పి చూడండి, ఫ్రీగా తిరిగిందంటే జబ్బు తెలిసిపోయినట్టే. వీలైతే అదే మోడల్ లోహపు స్పూలు వెతుక్కోండి, లేదంటే నైలాన్ తీసేసి సాగని అల్లిక దారం మెల్లగా చుట్టుకోండి. షోకేసులో పెట్టుకునేదైతే దారమే వద్దు.

మిగతా చిన్నాచితకా

దారం ఒక పక్కకే గుట్టగా పడుతుందంటే లెవెల్ వైండ్ (దారాన్ని అటూ ఇటూ నడిపి సమంగా చుట్టించే భాగం) లోపల ఉండే పాల్ అనే చిన్న నాలిక అరిగింది, లేదా దాని అడ్డగీతల పురి కడ్డీలో మైపాడు ఇసక చేరింది. పుల్లకి దూది చుట్టి కిరసనాయిల్తో శుభ్రం చెయ్యండి, పాల్ చిన్న ముక్క, మార్చెయ్యడమే.

స్పిన్నింగ్ రీలు బెయిల్ (విసిరేటప్పుడు ఎత్తే వంపు తీగ) టక్కున పడట్లేదంటే లోపల స్ప్రింగు అలిసిపోయిందో విరిగిందో అయ్యుంటది. అదే రీల్లో దారం ఊరికే తెగుతుంటే దారం మీదుగా పోయే రోలర్ మీద గోరుతో గీకి చూడండి, గాడి తగిలితే రోలర్ మార్చాల.

యాంటీ రివర్స్ అప్పుడప్పుడు జారుతుందంటే తొంభై పాళ్లు గ్రీజు ఎక్కువైంది. ఆ చిన్న కొక్కేనికి గ్రీజు వద్దు, ఒక్క చుక్క నూనె.

విసిరినప్పుడు స్పూలు ఆగక దారం పీచులాగా చిక్కుపడిపోతుంటే, అబూ అంబాసడర్ రకం అయితే (మన అంబాసిడర్ కారు కాదు, స్వీడన్ రీలు) స్పూలు పక్కన సన్నటి కడ్డీ మీద జారే బ్రేక్ ముక్కలు ఉన్నాయో లేదో చూడండి. ఎవరో విప్పినప్పుడు రాలిపోయుంటాయి.

కొన్న ముక్క పట్టట్లేదంటే రీలే రెండు మూడు రీళ్ల అతుకులేమో చూసుకోవాల. ఆ అంబాసడర్ పాదం (కర్రకి బిగించే భాగం) కింద నంబరుంటది, 1970ల వాటిలో మొదటి రెండంకెలు సంవత్సరం, తర్వాత రెండూ నెల. పెన్ కంపెనీ మొదలైందే 1932లో ఫిలడెల్ఫియాలో, కాబట్టి ఎవరైనా 1920ల పెన్ రీలు అని రేటు చెప్తే నవ్వి బండెక్కెయ్యండి.

మెరుపు పోయింది, పొక్కులొచ్చాయి

ఇత్తడి బిందెల్ని చింతపండు ఉప్పేసి తోముతాం గదా, రీలు రింగుల్ని కూడా అట్టానే తోమా ఒకసారి. అవి ఇత్తడి మీద క్రోమ్ పూత. పొక్కు కింద్నుంచి పులుసు దూరి పూత రేకులు రేకులుగా లేచిపోయింది, దాంతో చేపల పులుసు పెట్టుకున్నా బాగుండేది. పూత ఉన్నదాన్ని సబ్బు నీళ్లు, మెత్తటి గుడ్డ, కొద్దిగా కారు పాలిష్, అంతే. పొక్కులు పోవు. పోగొట్టాలంటే మొత్తం చెక్కి మళ్లీ పూత వేయించాల, దానికి పెట్టే డబ్బుకి ఇంకో రీలొస్తది, పైగా కలెక్టర్లు (జిల్లా కలెక్టర్లు కాదులెండి) ఒరిజినల్ పూతకే విలువిస్తారు. బేకలైట్ పాలిపోయి గోధుమ రంగుకొస్తే మెటల్ పాలిష్ వేలితో రుద్ది, తుడిచి, చివర్లో మిషన్ నూనె పలచగా పట్టించండి, నలుపు తిరిగొస్తది. కంపెనీ పేరు రాసిన రంగు మీద మాత్రం పోనివ్వొద్దు.

క్లిక్కర్ మోగట్లేదు

క్లిక్కర్ అంటే దారం పోతుంటే కిర్రుమని చప్పుడు చేసేది. బటన్ నొక్కినా స్పూలు చప్పుడు లేకుండా తిరుగుతుంటే లోపల నాలిక ముక్క అరిగుంటది, లేదా దాన్ని రెండువైపులా పట్టుకునే స్ప్రింగు రేకు సాగుంటది. క్లిక్కర్ ఆన్‌లో పెట్టి దారం చుట్టేవాళ్ల రీళ్లన్నీ ఇంతే. స్ప్రింగుకి పాత అలారం గడియారం రేకు కత్తిరించి వేశా, సరిపోయింది. నాలిక యాడా దొరక్కపోతే పెద్ద బజార్లో కంసాలాయనకి పాతది చూపించా, ఆయన ముందు నవ్వాడు, తర్వాత ఇత్తడి ముక్క తీసుకొని అరగంటలో ఆకురాయితో అచ్చం దాన్నే దించేశాడు. రాత్రి పదకొండింటికి బిగించి దారం పట్టుకొని లాగితే కిర్ర్ మని మోగింది, ఇంకోసారి లాగా, ఇంకోసారి లాగా, లోపల్నుంచి మా అమ్మ "ఒరే, ఇంట్లోకి కీచురాయి దూరినట్టుంది, ముందు దాన్ని చంపి పడుకో" అని అరిచింది.