నల్లాకు పట్టిన ఉప్పు, కాళ్ల కింది షాబాద్ బండ: ఇంట్లో కార్బొనేట్‌తో పని

హైదరాబాద్‌లో బోరు నీళ్లు వాడే ఇళ్లలో నల్లా మూతికి తెల్లగా గట్టిపడిన పొరను చూసి 'ఉప్పు పట్టింది' అంటారు. కూరలో వేసే ఉప్పయితే నీళ్లు పోయగానే కరగాలి. ఇది కరగదు. ఎందుకంటే ఇందులో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్. అదే ఇంట్లో కింద పరిచిన షాబాద్ బండ, తాండూరు బండ, వంటగట్టు మీది నల్లటి కడప రాయి కూడా సున్నపురాయి జాతివే, అంటే వాటిలోనూ ప్రధానంగా ఉన్నది కాల్షియం కార్బొనేటే. నల్లా కడగడానికి తెచ్చిన యాసిడ్ బండ మీద చిందితే తెల్లటి మచ్చ పడేది అందుకే. ఒకచోట వదిలించుకోవాల్సింది, ఇంకోచోట కాపాడుకోవాల్సింది ఒకే పదార్థం.

ముందు మాట సంగతి. లాటిన్‌లో 'కార్బో' అంటే బొగ్గు, కార్బన్ పేరు అక్కడిదే. ఒక కార్బన్‌కు మూడు ఆక్సిజన్లు చేరి ఉన్న భాగం కార్బొనేట్. దానికి కాల్షియం జతైతే సున్నపురాయి, పాలరాయి, గుడ్డు పెంకు, గవ్వ. సోడియం జతైతే చాకలి సోడా. సోడియంతో పాటు ఒక హైడ్రోజన్ కూడా ఉంటే అది బైకార్బొనేట్, మన తినే సోడా. ఇదే మాటను ఇంగ్లీషులో క్రియగా కూడా వాడతారు: నీళ్లలోకి ఒత్తిడితో కార్బన్ డయాక్సైడ్ ఎక్కించడం. కూల్‌డ్రింక్ సీసా మీద 'కార్బొనేటెడ్' అని ఉండేది ఆ అర్థంలోనే, అందులో సున్నం ఉందని కాదు. రెండు అర్థాలకూ చుట్టరికం ఆ గ్యాసే. ఏ కార్బొనేట్‌కైనా యాసిడ్ తగిలితే బుసబుసమంటూ వచ్చేది కార్బన్ డయాక్సైడే.

నీళ్ల పరీక్ష రిపోర్టులో ఈ మాట చాలామందిని తికమక పెడుతుంది. 'టోటల్ హార్డ్‌నెస్ యాజ్ కాల్షియం కార్బొనేట్: 450' అని ఉంటే లీటరు నీళ్లలో 450 మి.గ్రా. సున్నపుపొడి ఉందని కాదు. కాల్షియం, మెగ్నీషియం ఏ రూపంలో ఉన్నా లెక్క ఒకే కొలతలోకి రావడానికి పెట్టుకున్న పద్ధతి అది. తాగునీటికి ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం ఈ అంకె 200 లోపు ఉండాలి, వేరే నీటి ఆధారం లేనప్పుడు 600 వరకు ఒప్పుకుంటారు. దాని పక్కనే 'ఆల్కలినిటీ' అనే అంకె కూడా చూడండి, అది నీళ్లలోని బైకార్బొనేట్ లాంటి క్షారాల కొలత. ఈ రెండిటిలో ఏది తక్కువైతే అది కార్బొనేట్ హార్డ్‌నెస్, అంటే కాచినప్పుడు పొరగా దిగే భాగం. హార్డ్‌నెస్ 450, ఆల్కలినిటీ 280 అయితే, 280 వేడికి దిగేది, మిగతా 170 కాచినా పోనిది. టీడీఎస్ మీటరు ఇవేవీ చెప్పదు. నీళ్లలో కరిగినవన్నీ కలిపి ఒక అంచనా అంకె చూపిస్తుంది, అంతే.

నగరం కింద ఉన్నది గ్రానైట్ కదా, సున్నం ఎక్కడిదని అడగొచ్చు. వాన నీరు మట్టిలోంచి దిగేటప్పుడు అక్కడి కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని బలహీనమైన యాసిడ్ అవుతుంది. గ్రానైట్‌లోని ఫెల్డ్‌స్పార్ నుంచి, నేలలోని సున్నపు గడ్డల నుంచి కాల్షియాన్ని కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. లోతైన బోర్లలో నీరు రాతి పగుళ్ల మధ్య చాలాకాలం నిలిచి ఉంటుంది కాబట్టి కరిగేది కూడా ఎక్కువే. అపార్ట్‌మెంట్ సంపులో మంజీరా నీళ్లు, అంటే నగర సరఫరా నీళ్లు, బోరు నీళ్లు కలిపేస్తుంటే రిపోర్టులో అంకె రోజుకో రకంగా ఉంటుంది. ఎండాకాలం బోరు వాటా పెరిగినప్పుడు తీసిన నమూనాను లెక్కలోకి తీసుకోండి.

ఏదైనా పోసే ముందు చుక్క పరీక్ష చేయండి. ఒక చెంచా నిమ్మ ఉప్పును, అంటే సిట్రిక్ యాసిడ్‌ను, నాలుగు చెంచాల నీళ్లలో కరిగించి ఒక్క చుక్క వేసి చూడండి. పొర మీద బుడగలొస్తే అది కార్బొనేట్, నిమ్మ ఉప్పుకు లొంగుతుంది. రాకపోతే అది సిలికానో, సల్ఫేటో, తుప్పో కావచ్చు. షవర్ అద్దం మీద ఏళ్ల తరబడి పట్టిన పొగలాంటి మసక ఇలాంటిదే కావొచ్చు, దానికి ఎంత నిమ్మ ఉప్పు పోసినా దండగే. నేల బండకైతే కనిపించని మూల చూసుకుని చుక్క వేసి, పది సెకన్లలో తడిగుడ్డతో తుడిచేయండి. బుడగలు పైకి కనిపించకపోయినా తుడిచిన చోట మెరుపు తగ్గితే అది సున్నపురాయి జాతే. గ్రానైట్‌కు ఏమీ కాదు. మొజాయిక్‌లో పాలరాతి ముక్కలు, సిమెంటు ఉంటాయి కాబట్టి యాసిడ్ రెండిటినీ తింటుంది. విట్రిఫైడ్ టైల్స్‌కు భయం లేదు గానీ, వాటి మధ్య సందుల్లోని సిమెంటుకు ఉంది.

వెనిగర్ కన్నా నిమ్మ ఉప్పే మేలని చెప్పడానికి లెక్క చాలు. 100 గ్రాముల కాల్షియం కార్బొనేట్‌ను కరిగించడానికి దుకాణంలో దొరికే 4 శాతం వెనిగర్ 3 లీటర్లు కావాలి. నిమ్మ ఉప్పయితే 140 గ్రాములు చాలు. కిరాణాకొట్టులో దొరుకుతుంది, బేగం బజార్ వైపు వెళ్తే కిలోల్లెక్కన కొనుక్కోవచ్చు. బాత్రూమ్ యాసిడ్ వేగంగా పనిచేస్తుందన్నది నిజమే. అది హైడ్రోక్లోరిక్ యాసిడ్, స్టీలుకు గుంటలు పెడుతుంది, నల్లా మీది క్రోమ్ పూతను లేపేస్తుంది. నల్లాలకు దాన్ని వాడకండి. ఒక మాట మరీ ముఖ్యం: ఏ యాసిడ్‌నైనా సరే, నిమ్మ ఉప్పునైనా సరే, బ్లీచింగ్ పౌడర్‌తోగానీ బ్లీచ్ ద్రవంతోగానీ కలపకూడదు. క్లోరిన్ గ్యాస్ వస్తుంది, తలుపు మూసిన బాత్రూమ్‌లో అది ప్రాణాల మీదికి తెస్తుంది.

కరెంటు కెటిల్‌తో మొదలుపెడదాం. పైన చెప్పిన నీళ్లను రోజుకు 3 లీటర్లు కాస్తే నెలకు గరిష్ఠంగా 25 గ్రాముల పొర దిగుతుంది. దానికి 40 గ్రాముల నిమ్మ ఉప్పు, అంటే మూడు టేబుల్ స్పూన్లు, సరిపోతుంది. లీటరు నీళ్లు పోసి, వేలు పెడితే చురుక్కుమనేంత వేడి చేసి, స్విచ్ తీసేసి, అప్పుడు నిమ్మ ఉప్పును కొంచెం కొంచెంగా వేయండి. ఒక్కసారే గుమ్మరిస్తే నురగ పొంగి అడుగున ఉన్న కరెంటు భాగంలోకి దిగుతుంది. అరగంట ఆగి పారబోసి, రెండుసార్లు కడిగి, ఒకసారి మామూలు నీళ్లు మరగబెట్టి అవి కూడా పారబోయండి. నిమ్మ ఉప్పు వేశాక మరగబెట్టకూడదు. పొరతో నిమ్మ ఉప్పు కలిసినప్పుడు తయారయ్యే కాల్షియం సిట్రేట్ వేడి పెరిగేకొద్దీ తక్కువ కరుగుతుంది కాబట్టి, పాత పొర పోయి కొత్తగా తెల్లటి పొడి దిగుతుంది.

షవర్ తలను, నల్లా మూతిలోని జాలీని ఊడదీయగలిగితే ఊడదీసి, లీటరుకు 50 గ్రాముల నిమ్మ ఉప్పు చొప్పున కలిపిన నీళ్లలో అరగంట నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. ఊడకపోతే ఆ నీళ్లు పోసిన పాలిథీన్ కవరును షవర్‌కు రబ్బరు బ్యాండుతో కట్టండి. రాత్రంతా వదిలేయొద్దు, క్రోమ్ పూత మసకబారుతుంది. పొర మందంగా ఉంటే అరగంట చొప్పున రెండుసార్లు చేయడం నయం.

వాషింగ్ మెషిన్‌కు రెండు మూడు నెలలకోసారి, బట్టలు లేకుండా, డ్రమ్ములో 100 గ్రాముల నిమ్మ ఉప్పు వేసి 60 డిగ్రీల సైకిల్ తిప్పాలి. మెషిన్‌తో వచ్చిన పుస్తకం వద్దంటే మానేయండి. ఇందులో డిటర్జెంట్ కలిపితే చేసిందంతా వృథా. డిటర్జెంట్ క్షారం, నిమ్మ ఉప్పు ఆమ్లం, ఒకదాన్నొకటి చంపుకుంటాయి.

వంట సోడా, వెనిగర్ కలిపి పొంగించి రుద్దమనే చిట్కాలో లోపం కూడా ఇదే. నురగ చూడటానికి బాగుంటుంది గానీ, పొంగు ఆగేసరికి మిగిలేది దాదాపు పస లేని సోడియం అసిటేట్ నీళ్లే. జిడ్డుకు సోడా, పొరకు వెనిగర్. వేర్వేరుగా వాడితే రెండూ పనిచేస్తాయి.

గీజర్ మాత్రం సొంతంగా విప్పేది కాదు. లోపల చిటపట చప్పుడు, నీళ్లు కాగడానికి ముందుకన్నా ఎక్కువసేపు పట్టడం, వేడి నీళ్ల ధార సన్నబడటం: ఈ మూడూ పొర పట్టిందనడానికి గుర్తులు. ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు గోడ స్విచ్ ఒక్కటే కాకుండా ఎంసీబీ (కరెంటు పెట్టెలోని బ్రేకర్ స్విచ్) కూడా దించారో లేదో చూసుకోండి. ఎలిమెంట్‌ను బయటికి తీసి, కనెక్షన్లు తడవకుండా, లీటరుకు 100 గ్రాములు కలిపిన బకెట్లో ముంచి ఉంచమనండి. స్క్రూడ్రైవర్‌తో చెక్కితే పైతొడుగు చిట్లి నీళ్లలోకి కరెంటు వస్తుంది. మూత తిరిగి బిగించేటప్పుడు కొత్త గ్యాస్కెట్ వేయించండి, లోపలి మెగ్నీషియం కడ్డీ అరిగిపోయి ఉంటే అది కూడా మార్పించండి. థర్మోస్టాట్‌ను 75 దగ్గర కాకుండా 60 దగ్గర పెడితే పొర నెమ్మదిగా పడుతుంది. హాస్టళ్లలో వాడే వాటర్ హీటర్ రాడ్‌కూ ఇదే వైద్యం: ప్లగ్ పీకి, చల్లారాక, ప్లాస్టిక్ బకెట్లో, గీత దాటకుండా ముంచాలి.

ఈ పనులన్నిటిలో కింద బండలుంటే పక్కన టబ్బు పెట్టుకోండి, వాడిన నీళ్లను సింకులోకి పోసి ఎక్కువ నీళ్లతో కడిగేయండి. షాబాద్, తాండూరు, కడప రాళ్ల మీద నిమ్మకాయ, చింతపండు పులుసు, టాయిలెట్ క్లీనర్ పడితే వెంటనే తుడవండి. ఆలస్యమైతే మిగిలేది మరక కాదు, అక్కడ రాయే తరిగిపోయింది. ఎంత కడిగినా రాదు, పాలిష్ పట్టించాల్సిందే. రోజూ తుడవడానికి ఆమ్లం, క్షారం ఏదీ లేని సబ్బునీళ్లు చాలు.

బట్టల దగ్గర కార్బొనేట్ మన పక్షాన పనిచేస్తుంది. చాకలి సోడా నీళ్లలోని కాల్షియాన్ని పట్టి, బకెట్ అడుగుకు సుద్దగా దించేస్తుంది. హార్డ్‌నెస్ 450 ఉన్న 20 లీటర్ల బకెట్‌కు పొడి రకమైతే 10 గ్రాములు, పలుకుల రకమైతే 26 గ్రాములు వేయాలి. పలుకుల్లో సగానికి పైగా నీరే ఉంటుంది, అందుకే ఆ తేడా. సోడా కలిపి పావుగంట ఆగి, పైనున్న తేట నీళ్లను ఇంకో బకెట్లోకి వంచుకుని అప్పుడు సబ్బు వాడండి. ఆగకుండా బట్టలు ముంచితే ఆ సుద్ద నల్ల ప్యాంట్ల మీద చారలుగా తేలుతుంది. మెగ్నీషియం వాటా దీనితో పూర్తిగా దిగదు. డిటర్జెంట్ పౌడర్లలో సాధారణంగా ఈ సోడా ముందే ఉంటుంది కాబట్టి ఈ తంటా బిళ్ల సబ్బు వాడేవాళ్లకే. పట్టు, ఊలు, అల్యూమినియం గిన్నెలకు దీన్ని తగలనివ్వకండి, చేతులకు గ్లౌజులు వేసుకోండి.

చాకలి సోడా దొరక్కపోతే తినే సోడాను ఇనుప మూకుడులో సన్నని సెగ మీద కలుపుతూ వేయించండి. గ్యాస్ పోయేంతసేపూ పొడి నీళ్లలా కదులుతుంది, ఆ కదలిక ఆగితే పని అయినట్టే. 100 గ్రాములు 63 గ్రాములకు తగ్గుతుంది. డబ్బా మీద పేరు రాసి వంటింట్లోంచి బయట పెట్టండి, అది ఇక తినేది కాదు.

కందిపప్పు ఎంతకీ ఉడకకపోవడానికి కూడా చాలాసార్లు కారణం ఈ కాల్షియమే, గింజలోని పెక్టిన్‌ను గట్టిపరుస్తుంది. గ్లాసు పప్పుకు చిటికెడు తినే సోడా సరిపోతుంది. ఎక్కువేస్తే సబ్బు రుచి వస్తుంది, బి1 విటమిన్ పోతుంది. పప్పు నానబెట్టడానికీ ఉడికించడానికీ మంజీరా నీళ్లు పట్టుకుంటే సోడా అవసరమే రాదు. కాల్షియం మాత్రల అట్ట చదివేటప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోండి: 1250 మి.గ్రా. కాల్షియం కార్బొనేట్‌లో అసలు కాల్షియం 500 మి.గ్రా. మాత్రమే. దీన్ని కరిగించడానికి కడుపులోని యాసిడ్ కావాలి, అందుకే భోజనంతో వేసుకోమంటారు.

ఇక క్రియగా వాడే కార్బొనేట్, అంటే ఇంట్లో సోడా చేయడం. మామూలు ఒత్తిడిలో 0 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో సుమారు 3.3 గ్రాముల గ్యాస్ కరిగితే, 25 డిగ్రీల దగ్గర అందులో సగం కూడా కరగదు. మే నెలలో సంపు నీళ్లతో చేసిన సోడా చప్పగా ఉండేది అందుకే. నీళ్లను రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి, యంత్రంలో ఉత్త నీళ్లకే గ్యాస్ ఎక్కించండి. నిమ్మరసం, చక్కెర, ఉప్పు ఆ తర్వాత కలుపుకోవాలి, ముందే కలిపితే నురగ ఎగజిమ్ముతుంది. వంట సోడా, నిమ్మ ఉప్పు సీసాలో వేసి మూత బిగించే ప్రయోగం చేయొద్దు, సీసా పేలుతుంది. గోలీ సోడా సీసాలో మూత పని గ్యాసే చేస్తుంది. 1872లో హైరమ్ కాడ్ పేటెంట్ తీసుకున్న ఆ సీసాలో గ్యాస్ ఒత్తిడే గోలీని మూతిలోని రబ్బరుకు అదిమి పెడుతుంది. కొట్టాక మెడలో నొక్కులున్న వైపు కిందికి ఉండేలా వంచండి, గోలీ అక్కడ ఆగుతుంది. తిప్పి పట్టుకుంటే మూతికి అడ్డం పడుతుంది.