సెంట్రల్ లైన్ మొండికేస్తే

తిరుపతి క్యాజువాలిటీల్లో రాత్రి డ్యూటీ చేసే హౌస్ సర్జన్లకు, పీజీలకు ఇది. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ మెడలోని ఇంటర్నల్ జుగులర్ సిరలోంచి గుండె దగ్గరిదాకా గొట్టం, అంటే సెంట్రల్ లైన్, వేసేటప్పుడు వచ్చే చిక్కులే రాస్తున్నాను. ముందు ఒక మాట. అలిపిరి మెట్లెక్కుతూ నీరసించి పడిపోయిన భక్తుడికి వెంటనే కావాల్సింది చేతులకు రెండు లావు క్యానులాలు. సెంట్రల్ లైన్ గొట్టం పొడవు, సన్నం. సెలైన్ దాంట్లో నిదానంగానే దిగుతుంది. బీపీ నిలబెట్టే నోరాడ్రినలిన్ గంటల తరబడి నడవాల్సిన సెప్సిస్ కేసు సంగతి వేరు.

తెర మీద సిర కనపడటం లేదు

తెరంతా నల్లగా ఉంటే ప్రోబ్ కవర్‌లో గాలి చిక్కుకుంది. జెల్ కవర్ లోపలా ఉండాలి, బయటా ఉండాలి.

మెడలోని పెద్ద ధమని కెరోటిడ్ గుండ్రంగా కొట్టుకుంటూ ఉండి, పక్కన సిర ఉండాల్సిన చోట సన్నటి గీతే ఉంటే తప్పు చాలాసార్లు మీ చేతిదే. బీపీ పడిపోయిన మనిషి సిర ప్రోబ్ బరువుకే అణిగిపోతుంది. చిటికెన వేలు పేషెంటు మెడ మీద ఆనించి, ప్రోబ్‌ను తేల్చి పట్టుకోండి. తల వైపు 15 డిగ్రీలు దించండి. మంచం హ్యాండిల్ తుప్పు పట్టి తిరగకపోతే కాళ్ల వైపు ఇటుకలు పెట్టడం మనకు తెలిసిన విద్యే. ఆయాసపడుతున్న వాళ్లను మాత్రం అలా దించకండి. తలను మరీ పక్కకు తిప్పినా సిర కెరోటిడ్ మీదికి ఎక్కుతుంది. కొద్దిగా తిప్పితే చాలు.

సూది కొస దొరకటం లేదు

తెర మీద మెరిసే చుక్క కొసే కానక్కర్లేదు, సూది నడుమైనా అలాగే కనిపిస్తుంది. ప్రోబ్‌ను చుక్క మాయమయ్యేదాకా ముందుకు జరపండి, తర్వాత చుక్క మళ్లీ కనిపించేదాకా సూదిని తోయండి. ఇలా అంచెలంచెలుగా వెళ్తే సిర పైగోడ లోపలికి నొక్కుకుని, టప్పున వదలడం కళ్లారా చూస్తారు.

రక్తం వచ్చింది, వైరు పోవటం లేదు

సూదిలోంచి దించి, గొట్టానికి దారి చూపే సన్నటి తీగే ఈ వైరు. సిరంజి ఊడదీసేటప్పుడు సూది కదిలి ఉంటుంది. మళ్లీ సిరంజి తగిలించి లాగి చూడండి. రక్తం ధారాళంగా వస్తే సూదిని కాస్త పడుకోబెట్టి ప్రయత్నించండి. వైరు వెనక్కి రానని మొరాయిస్తే సూదితో కలిపి బయటికి తీయండి. సూదిలోంచి గుంజితే వైరు తెగి లోపలే ఉండిపోవచ్చు.

ఇది సిరా, ధమనా?

పీజీలో ఉండగా ఒక షాక్ కేసులో నాకు నల్లటి రక్తమే వచ్చింది, చిమ్మలేదు. వైరు సాఫీగా దిగింది. గొట్టానికి దారి వెడల్పు చేసే డైలేటర్ చేతిలోకి తీసుకున్నాను. మా సీనియర్ మణికట్టు పట్టుకుని, "వైరు ఎక్కడుందో చూపించవయ్యా" అన్నారు. ప్రోబ్ నిలువుగా పెట్టాను. తెల్లగా మెరుస్తున్న వైరు సిర పైగోడలోంచి దూరి, వెనక గోడ దాటి, కెరోటిడ్‌లో పడుకుని ఉంది. వైరు తీసి చాలాసేపు నొక్కి పట్టుకున్నాం. నా చెమట మాత్రం అంత త్వరగా ఆరలేదు.

షాక్‌లో రక్తం రంగునూ, చిమ్మడాన్నీ నమ్మొద్దు. వైరు సిరలో ఉందని అడ్డంగానూ నిలువుగానూ చూశాకే డైలేటర్. అప్పటికే డైలేటరో క్యాథెటరో ధమనిలోకి వెళ్లి ఉంటే బయటికి లాగకండి, అలాగే ఉంచి వ్యాస్కులర్ సర్జన్‌ను పిలవండి.

మానిటర్‌లో ఎక్టోపిక్స్

లయ తప్పి వచ్చే ఈ అదనపు గుండె దెబ్బలు కనిపిస్తే వైరు గుండెను గీకుతోంది. అవి ఆగేదాకా రెండు మూడు సెంటీమీటర్లు వెనక్కి తీయండి. పెద్దవాళ్లలో 20 సెంటీమీటర్లు దాటించే పని లేదు.

లైన్ పడ్డాక

గొట్టంలోని ఒక ల్యూమెన్‌లో, అంటే ఒక దారిలో, రక్తం రాకపోతే ముందు క్లాంప్ చూడండి, నవ్వకండి. తర్వాత గొట్టం మడత. ఆక్సిజన్ సాచురేషన్ పడిపోతుంటే, సూది తగిలి ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందేమోనని ఎక్స్‌రే కోసం కాచుక్కూర్చోకుండా అదే ప్రోబ్ ఛాతీ మీద పెట్టి, ఊపిరితిత్తి జారుతోందో లేదో చూడండి.

గుచ్చిన చోట రక్తం ఆగటం లేదు

చిత్తూరు వైపు వేరుశెనగ చేలల్లోంచి వచ్చే రక్తపింజరి కాటు కేసుల్లో ఇది ముందే ఊహించాలి. యాంటీవీనమ్ చేతి క్యానులాలోంచే ఎక్కించవచ్చు, దానికోసం మెడ గుచ్చక్కర్లేదు. శుభ్రమైన పొడి గాజు గొట్టంలో కొంచెం రక్తం తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డకట్టిందో లేదో వంచి చూడండి. సబ్బుతో కడిగిన గొట్టమైతే ఆ ఫలితాన్ని నమ్మకండి.