రోజూ పజిల్స్ చేస్తున్నా చెస్ రేటింగ్ కదలడం లేదా? ఇలా చూడండి

సమస్య: యాప్ ఇచ్చే స్థితిలో గెలిపించే ఎత్తు కనిపెట్టే పజిల్స్‌లో రేటింగ్ నెలనెలా పెరుగుతోంది, ఆటల రేటింగ్ మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది. ఈ మాట చెప్పినవారు ఊపిరి తీసుకునేలోపే ఏ ఓపెనింగ్ (ఆట మొదటి ఎత్తుల) కోర్సు కొనాలని అడుగుతారు. ఏదీ కొనకండి.

ముందు ఓడిన ఆటలు తీయండి

ఎంత చెప్పినా ఎవరూ చేయని పని ఇదే. ఓడిన చివరి పది ఆటలు తెరవండి, ఇంజిన్ (ఎత్తుల మంచిచెడ్డలను అంకెల్లో చెప్పే ప్రోగ్రామ్) ఆపేసి. ఒక్కో ఆట ఎన్నో ఎత్తులో చేజారిందో, ఎందుకో ఒక్క ముక్కలో రాయండి. ఇంజిన్ ముందే తెరిస్తే అది చెప్పే అంకెకు తల ఊపి ముందుకు వెళ్లిపోతారు.

జాబితాలో ఎక్కువగా 'గడియారం' కనిపిస్తే మూడు నిమిషాల ఆటలు మానేసి, 15 నిమిషాలకు ఎత్తుకు 10 సెకన్లు కలిసేవి ఆడండి. పదో ఎత్తులోపే కూలుతుంటే, ఓడిన ఆ ఒక్క వరుస వరకు నేర్చుకుంటే చాలు. చాలామంది జాబితాల్లో మాత్రం 'అవతలివాడి జవాబు చూడలేదు' అనే మాటే మళ్లీ మళ్లీ వస్తుంది. రోజూ పజిల్స్ చేసేవారు దీన్ని చూసి, ఇంకా ఎక్కువ పజిల్స్ చేయాలనుకుంటారు. జబ్బు ముదిరేది అక్కడే.

అసలు దొంగ: పజిల్ చేసే పద్ధతి

పజిల్ తెరవగానే, ఇందులో ఏదో దెబ్బ ఉందని మీకు తెలిసిపోతుంది. తోచిన ఎత్తు వేస్తారు, పచ్చరంగు వెలుగుతుంది. ప్రత్యర్థి జవాబును యంత్రమే వేసి చూపిస్తుంది, తర్వాతిది అప్పుడు ఆలోచిస్తారు. అంటే అవతలివాడి గట్టి జవాబును మీరే వెతికే పని రోజు మొత్తంలో ఒక్కసారి కూడా జరగదు. పెరిగేది ఆకారాలను గుర్తుపట్టే చూపు మాత్రమే.

18వ శతాబ్దపు పారిస్ ఆటగాడు, ఫిలిడోర్‌కు గురువైన లెగాల్ పేరుమీద ఉన్న ఎత్తుగడే తీసుకోండి (గడి పేరులో అక్షరం నిలువు వరుస, అంకె అడ్డ వరుస). తెలుపు బంటు ఈ4లో, గుర్రాలు ఎఫ్3, సి3లలో, బిషప్ సి4లో. నలుపు బంట్లు ఈ5, డి6లలో, గుర్రం సి6లో, బిషప్ జి4లో. ఎఫ్3 గుర్రం కదిలితే వెనక మంత్రి పోతుంది. అయినా గుర్రంతో ఈ5 బంటును కొడతారు, ఎందుకంటే నలుపు ఆశపడి మంత్రిని తీసుకుంటే ఎఫ్7లో బిషప్‌తో చెక్, రాజు ఈ7కు, డి5లో గుర్రంతో మేట్. వందసార్లు పజిల్‌లో చూసిన బొమ్మ, చేయి ఆగదు.

కానీ నలుపు మంత్రిని తీసుకోకుండా, సి6 గుర్రంతో ఈ5 గుర్రాన్నే కొడితే? ఆ గుర్రం ఇప్పుడు జి4 బిషప్‌కు కాపలా కూడా. మీకు ఒక బంటుకు ఒక గుర్రం పోయినట్టే.

అదే స్థితిలో ముందుగా బంటును హెచ్3కు జరిపి, నలుపు బిషప్ హెచ్5కు వెళ్లాక ఈ5 బంటును కొట్టండి. నలుపు గుర్రంతో ఈ5లో కొడితే మీ మంత్రి హెచ్5 బిషప్‌ను తీసుకుంటుంది, ఆ గడిని ఈ5 గుర్రం కాయలేదు. అది మీ సి4 బిషప్‌ను తింటే బి5లో మంత్రితో చెక్ చెప్పి గుర్రాన్నీ లాగేయవచ్చు. లెక్క చూస్తే మీకు ఒక బంటు లాభం. బిషప్ ఒక్క గడి జరిగితే తీర్పే మారిపోయింది. బొమ్మను మాత్రమే గుర్తుపట్టే కంటికి రెండూ ఒకటే.

మందు

రోజుకు ఐదు పజిల్స్ చాలు, గడియారం లేకుండా. 'రెండు ఎత్తుల్లో మేట్' లాంటి విభాగాలు వద్దు, ఆ పేరే సగం జవాబు. స్థితిని బల్లమీద పేర్చి, మొత్తం వరుసను కాగితంమీద రాయండి. ప్రత్యర్థికి ఉన్న అత్యంత గట్టి జవాబు కూడా అందులో ఉండాలి. తెరను తాకేది ఆ తర్వాతే. తప్పితే వెంటనే తర్వాతిదానికి పోకండి, ఏ జవాబు కంట పడలేదో పక్కన రాయండి. పజిల్ రేటింగ్ పడిపోతుంది. పడనివ్వండి. పజిల్ రష్ లాంటి పరుగుపందేలు సరదాకు బాగుంటాయి, వాటిని సాధన లెక్కలో వేయకండి.

ఆ పది ఆటల్లో తప్పు జరగడానికి ఒక్క ఎత్తు ముందున్న స్థితులనూ దాచుకుని వారం తర్వాత మళ్లీ చేయండి. యాప్ ఇచ్చేవాటికంటే ఇవే మేలు, ఇందులో దెబ్బ ఉందని ఎవరూ హామీ ఇవ్వరు.

జబ్బు తగ్గిందో లేదో రేటింగ్‌లో వెతకకండి. అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే లెక్కలో 30 ఆటలు దాటి, 2400 రేటింగ్ ఇంకా అందుకోని పెద్దలకు కె విలువ (ఒక ఆట రేటింగ్‌ను ఎంత కదపగలదో చెప్పే అంకె) 20. సమాన రేటింగ్ ఉన్నవారిపై గెలిస్తే వచ్చేది 10 పాయింట్లే. తర్వాతి పది ఆటల జాబితాలో ఆ పాత మాట ఎన్నిసార్లు తగ్గిందో చూడండి.

ఇతర కారణాలు

వయసు, జ్ఞాపకశక్తి, ఆన్‌లైన్‌లో అందరూ మోసగాళ్లేనన్న అనుమానం: వీటిని వదిలేయండి. ఫోన్‌లో బాగా ఆడి టోర్నమెంట్ బల్లమీద తడబడేవారు ఒక వారం చెక్క పావులతో ఆడితే సర్దుకుంటుంది.