సైరన్ బండి అద్దెకిచ్చే ముందు

మా ఆడపడుచు కొడుకు మొన్న రెండు బొలెరోలకు లోన్ శాంక్షన్ అయిందని స్వీట్లు పట్టుకొచ్చాడు. పోలీసు పెట్రోలింగ్‌కి బళ్లు అద్దెకు కావాలని టెండర్ పడిందట. "అత్తా, నెలకు ఎంత వేయమంటావ్?" అన్నాడు. టెండర్ చదివావా అంటే, రేటు వేసే పేజీ చదివానన్నాడు. ఆ రాత్రి వాడికి చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను.

మాది విశాఖలో గాజువాక. మా ఆయనకు ఇంజిన్ తెలుసు, నాకు కాగితం తెలుసు. 2013 నుంచి పెట్రోలింగ్‌కి, విపత్తు డ్యూటీకి బళ్లు ఇస్తున్నాం. పోగొట్టుకున్న డబ్బులో ఎక్కువ భాగం నేను సరిగ్గా చదవని పేరాల వల్లే పోయింది.

ముందుగా బండి రోజుకు ఎన్ని గంటలు వాళ్ల దగ్గర ఉండాలో చూడండి. మామూలు ట్రావెల్స్ లెక్కంతా కిలోమీటర్లే. నెలకు రెండు వేల కిలోమీటర్లు, పైన ఎక్కితే కిలోమీటరుకు ఇంత. ఎమర్జెన్సీ బండి తిరిగేది తక్కువ, నిలబడేది ఎక్కువ. బీచ్ రోడ్డులో సాయంత్రం ఐదు నుంచి పదకొండు దాకా ఒకే చోట ఉంటుంది. లోపల ఏసీ, పైన లైట్ బార్, పక్కన వైర్‌లెస్ సెట్. ఇంజిన్ ఆపితే బ్యాటరీ దిగిపోతుంది. మా ఆయన ఒక వారం ట్యాంకు ఫుల్ చేసి చూశాడు, అలా నిలబడితే మా బండి గంటకు ముప్పావు లీటరు తాగుతోంది. ఆరు గంటలకు నాలుగున్నర లీటర్లు. మీటరు మాత్రం కదలదు. మొదటి ఏడాది ఆ డీజిలంతా మా జేబులోంచే పోసుకున్నాం.

డీజిల్ ఖర్చు మీరే పెట్టుకోవాలంటే, నిలబడిన గంటకు ఇంత ఇవ్వాలని ప్రీబిడ్ మీటింగులోనే, అంటే రేట్లు వేసే ముందు సందేహాలు తీర్చడానికి పెట్టే మీటింగులోనే అడగండి. నోటితో కాదు, రాసిచ్చి అడగండి. జవాబు కొరిజెండంగా, అంటే టెండర్‌కు సవరణ కాగితంగా వస్తే అది టెండర్‌లో భాగమవుతుంది. ఒప్పుకోకపోతే రేటులో కలుపుకోండి. డీజిల్ వాళ్లే పోస్తామన్నా సంబరపడొద్దు. లీటరుకు ఇన్ని కిలోమీటర్లు రావాలని ఇంకో షరతు ఉంటుంది. నిలబడే బండికి ఆ మైలేజ్ ఎక్కడిది? తేడా మన బిల్లులో కోస్తారు. డీజిల్ ధర పెరిగితే అద్దె ఎలా మారుతుందో, ఏ తేదీ నాటి విశాఖ బంకు ధరను మూలంగా తీసుకుంటారో కూడా రాయించండి.

తర్వాత డ్రైవర్లు. "24 గంటలు" అన్న మాట టెండర్‌లో చిన్నగానే ఉంటుంది. మావాడు ఇద్దరు డ్రైవర్లను వేసుకున్నాడు, పగలొకడు, రాత్రొకడు. చట్టం లెక్కన మనిషికి రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48. వారంలో ఉన్నవి 168 గంటలు. భాగించి చూడు నాయనా అన్నాను. ఒక్క బండికి ముగ్గురున్నర మంది. వాడు ఫోన్‌లో రెండుసార్లు కొట్టి చూసుకున్నాడు. నిద్ర చాలని డ్రైవర్ తెల్లవారుజామున హనుమంతవాక జంక్షన్‌లో సైరన్ వేసుకుని వెళ్తున్నాడంటే నాకు ఇప్పటికీ గుండె దడ.

స్టీరింగ్ ఎవరు పట్టాలో కూడా రాసి ఉండాలి. మా డ్రైవర్ టీకి వెళ్లినప్పుడు అర్జంట్ కాల్ వచ్చిందని డ్యూటీలో ఉన్న అధికారి తనే బండి తీసి డివైడర్‌కు గుద్దాడు. ఆయన లైసెన్స్ గడువు అయిపోయి ఉంది. ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ తోసేశారు, ఆఫీసు వాళ్లు బండి మీదే కదా అన్నారు. అప్పటి నుంచి ప్రతి అగ్రిమెంట్‌లో ఒక వాక్యం పెట్టిస్తున్నాను: యజమాని నియమించిన డ్రైవర్ తప్ప మరెవరూ నడపకూడదు, నడిపితే నష్టం డిపార్ట్‌మెంట్‌దే. ఇన్సూరెన్స్ కాంప్రహెన్సివ్‌దే, అంటే మన బండి నష్టానికి కూడా వర్తించేదే తీసుకోండి. అందులో జీతానికి పెట్టుకున్న డ్రైవర్‌కి, ఎక్కేవాళ్లకి కవర్ ఉందో లేదో చూసుకోండి. టాక్సీ ప్లేట్ లేని సొంత బండిని మాత్రం అద్దెకు పెట్టనే పెట్టొద్దు.

లైట్ల సంగతి. 2017 మే 1 నుంచి పెద్దల కార్ల మీద ఎర్రబుగ్గలు పోయాయి. ఎరుపు, నీలం, తెలుపు కలిసిన లైటు పోలీసు, ఫైర్, విపత్తు డ్యూటీ లాంటి బళ్లకే, అదీ డ్యూటీలో ఉన్నప్పుడే. అందుకని లైట్ పెట్టమని డిపార్ట్‌మెంట్ ఇచ్చిన ఆర్డర్ కాపీ డ్యాష్‌బోర్డులో ఉండాలి. సర్వీసింగ్‌కి ఆటోనగర్ వచ్చేటప్పుడు లైట్ బార్‌కి తొడుగు వేయండి. అగ్రిమెంట్ ముగిశాక స్టిక్కర్లు, వైరింగ్ ఎవరు తీయిస్తారు, టాపు మీద బెజ్జాలు ఎవరు పూడ్పిస్తారు అన్నది కూడా రాసుకోవాలి. మన ఊరి ఉప్పుగాలికి ఆ బెజ్జాల దగ్గరే తుప్పు మొదలవుతుంది. రెండేళ్లు బీచ్ రోడ్డులో తిరిగిన మా బండికి టాపు రేకు మార్పించాల్సి వచ్చింది. ఇప్పుడు బెజ్జం వేయకుండా క్యారియర్ మీద బిగిస్తున్నాం.

అంబులెన్స్ సంగతి వేరు. దానికి ఏఐఎస్-125 అనే ప్రమాణం ఉంది, మామూలు వ్యానులో స్ట్రెచర్ పెట్టి ఇస్తానంటే కుదరదు.

ఇక పెనాల్టీ. "ఏ కారణం చేతనైనా బండి రాకపోతే" అని ఉంటే అక్కడ ఆగండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు డ్యూటీలో ఉన్న మా బండి మీద చెట్టు పడింది. రోడ్లు మూసుకుపోయాయి, కరెంటు లేదు, బంకుల దగ్గర బారులు. ఇంకో బండి పంపడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులకూ కోత పడింది. తుపాను అంటే దైవఘటన కదా అని నేను ఆఫీసులో అడిగితే, "తుపానుకే కదమ్మా మీ బండి పెట్టుకున్నది" అని నాతో అన్నారు. నిజం చెప్పాలంటే ఆ మాటలో తప్పు లేదు. అందుకే తుపాను మినహాయింపు కోసం పోట్లాడటం మానేశాను. బండి డ్యూటీలోనే దెబ్బతింటే బదులు బండికి 24 గంటలు గడువు, మొత్తం కోతకు నెల బిల్లులో పది శాతం హద్దు, ఈ రెండే అడుగుతాను. కొన్నిచోట్ల ఇస్తారు.

బిల్లు గురించి రెండు మాటలు. లాగ్ బుక్‌లో సంతకం ఏ రోజుకారోజు పెట్టించండి. నెలాఖరుకు ఆ అధికారి బదిలీ అయిపోతే సంతకం కోసం తిరగలేక చస్తారు. కిలోమీటర్లు గ్యారేజ్ నుంచి లెక్కా, స్టేషన్ నుంచి లెక్కా చూడండి. గ్యారేజ్ గాజువాకలో, డ్యూటీ భీమిలిలో అయితే మధ్యలోనే దాదాపు నలభై కిలోమీటర్లు. రేటు జీఎస్టీతో కలిపా, వేరా? అగ్రిమెంట్ విలువ 2.5 లక్షలు దాటితే ప్రభుత్వ ఆఫీసులు జీఎస్టీ కింద 2 శాతం టీడీఎస్, అంటే బిల్లులోంచే ముందుగా పట్టుకునే పన్ను, కోస్తాయి. జీఎస్టీ పోర్టల్‌లో దాన్ని యాక్సెప్ట్ చేస్తేనే మన ఖాతాలో పడుతుంది. నేను ఏడు నెలలు అది చూసుకోలేదు. టెండర్ వేసే ముందే ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా కేంద్రం దగ్గర నమోదు, చేయించుకోండి. చిన్న సంస్థలకు 45 రోజులు దాటి డబ్బు ఆపితే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు వడ్డీ ఇవ్వాలని 2006 ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. వడ్డీ కోసం కేసు వేసిన వాళ్లు నాకు పెద్దగా తెలియదు గానీ, ఉత్తరంలో ఆ చట్టం పేరు రాస్తే ఫైలు కదులుతుంది.

రాత్రి పదకొండున్నరకు మావాడు స్వీట్ల డబ్బా పక్కకు నెట్టి మళ్లీ లెక్క మొదలుపెట్టాడు. టెండర్‌కి ఒక్క బండే వేస్తాడట, రెండోది బదులు బండిగా ఉంచుతాడట. ప్రీబిడ్ గురువారం. అడగాల్సినవి తొమ్మిది రాసుకున్నాడు. మొదటి ప్రశ్న, నిలబడిన గంటకు ఎంత ఇస్తారని.